గుండ్లకమ్మకు ముందు పదునైదు నెలలు
(ఒంగోలు సంఘ చరిత్ర నుండి ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 6:1-27, 1 కొరింథీ 1:26-29, యాకోబు 2:14-17.



1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరను సంగతి తెలుగు బాప్తిస్టు సంఘములలో పెరిగిన బిడ్డలు చిన్ననాటి నుండియు వినుచుందురు. సండేస్కూలులో ఆ సంఖ్యను పిల్లలచేత చెప్పించుదుము. వార్షికోత్సవములలో వేదిక మీద నిలిచి దానిని జ్ఞాపకము చేసికొందుము. మంచిదే. అయితే ఆ దినములకు ముందు సుమారు పదునైదు నెలల పాటు ఒంగోలులో బాప్తిస్మములు నిలిపివేయబడి యుండెనను సంగతి మనలో ఎందరికి తెలియును? అడుగువారు లేక నిలుపలేదు. అడుగువారు అనేకులుండగనే నిలిపిరి. దానికొక కారణముండెను. ఆ కారణమే ఈ మాసపు పాఠము. 2,222 అను సంఖ్య మనకు అతిశయము కలిగింపవచ్చును. ఆ పదునైదు నెలలు మనకు బుద్ధి చెప్పును.

1. కొండమీద ఐదుగురు

అమెరికా బాప్తిస్టువారు తెలుగు దేశములో 1836లో పని ఆరంభించిరి. శామ్యూలు డే దొరగారు 1840లో నెల్లూరు చేరి అక్కడ నిలిచిరి. అయితే సంవత్సరములు గడచినను ఫలము మిక్కిలి కొద్దిగా కనబడెను. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమందు కూడిన సభలో, ఈ మిషనును మూసివేయుదుమా అను ప్రశ్న లేచెను. పటము మీద నెల్లూరు ఒక్కటే చుక్కగా కనబడుచుండెను గనుక దీనిని ఒంటి నక్షత్రపు మిషను అని పిలువసాగిరి.

అదే కాలమందు, 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు ప్రక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కి ప్రార్థించిరి. లైమన్ జ్యూయెట్ దొరగారు, వారి దొరసానిగారు, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలు. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అని పిలుచుచున్నాము. ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారనియు, ముగ్గురు స్త్రీలనియు గమనింపుడు. మన చరిత్ర దొరల చరిత్ర మాత్రమే యని తలంచువారు ఈ లెక్కను మరువకూడదు.

2. ఎనిమిదిమంది సంఘము

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1865లో మన దేశమునకు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. ఆ దినములలోనే తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్యగారు ప్రభువును నమ్మి, తన జనులైన మాదిగల నడుమ సువార్తను చాటుచుండెను. ఆయన తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూర తిరిగినవాడు. సత్యమును వెదకుచు యోగుల పాదములయొద్ద కూర్చుండినవాడు. ఆయన బంధువులు, ఆయన వ్యాపారపు త్రోవలు, ఇవియే సువార్తకు బాటలైనవి.

అప్పుడు క్లౌ దొరగారికి ఒక కఠినమైన ప్రశ్న ఎదురాయెను. ఒంగోలు పట్టణములోని పై కులములవారు కొందరు మిషనుకు స్నేహితులైరి. తమ పిల్లలను మిషను బడికి పంపుచుండిరి. మాదిగలను సంఘములో చేర్చుకొన్న యెడల తాము రామని వారు స్పష్టముగా చెప్పిరి. ఏమి చేయవలెనో తోచక దొరగారు బైబిలు తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1:26-29 కండ్లకు కనబడెనట. వేరొక గదిలోనున్న దొరసానిగారును ఆ భాగమునే చదివెనట. లోకము ఎన్నిక చేయని వారిని దేవుడు ఎన్నుకొనెనని ఆ వచనములు చెప్పుచున్నవి గదా! పేదలకు తలుపు తెరువబడెను. బడిలోని పిల్లలు వెళ్లిపోయిరి.

కొత్తగా నమ్మినవారికి మూడు నియమములు చెప్పబడెను: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు, విగ్రహములను పూజింపకూడదు. మాటలు కొద్దియే గాని వాటి వెల గొప్పది. పల్లెలో మాదిగవాడు రైతుకు ఏడు దినములును కట్టుబడినవాడు. జాతరలో డప్పు కొట్టవలసినవాడు. ఆదివారము రానని, అమ్మవారి యెదుట డప్పు కొట్టనని అతడు చెప్పినప్పుడు ఊరి కట్టు అంతయు కదలెను. పని పోయెను, దెబ్బలు తగిలెను. అయినను వారు నిలిచిరి. వీరు కూటి కొరకు కలిసిన వారు కారని తెలిసికొనుటకు ఈ మొదటి పదేండ్ల చరిత్రయే చాలును.

3. కరువును కాలువయు

1876లో వానలు తప్పిపోయెను. మద్రాసు రాజధాని యంతట 1878 వరకు గొప్ప కరువు కలిగి, లక్షలాది జనులు ఆకలిచేతను రోగముచేతను చనిపోయిరి. భూమి గలవాడు ధాన్యము తీసి తిని కొంతకాలము బ్రతికెను. భూమి లేక దినదినము కూలి మీద ఆధారపడినవానికి మొదటి నెలలోనే పొయ్యి ఆరిపోయెను.

ప్రభుత్వమువారు కరువు పనులు పెట్టిరి. వాటిలో ఒకటి తీరము వెంబడి త్రవ్వుచున్న కాలువ. తరువాత దానికి గవర్నరు గారి పేరట బకింగ్‌హాము కాలువ యని పేరు పెట్టిరి. క్లౌ దొరగారు యౌవనమందు అమెరికాలో భూమి కొలతల పని చేసినవారు గనుక, ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుగా తీసికొనిరి. పనివారికి పాకలు వేయించిరి. తెలుగు బోధకులను పనిమీద మేస్త్రీలుగా నియమించిరి. పగలు ఆ బోధకులు గుంటలు కొలిచి, తట్టలు మోయువారి లెక్క చూచి కూలి ఇప్పించిరి. విశ్రాంతి వేళలలో వారి నడుమ కూర్చుండి ప్రభువు మాటలు చెప్పిరి. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన పిలుపు (మత్తయి 11:28) మట్టితట్ట నెత్తిన పెట్టుకొన్నవానికి ఎవరును వ్యాఖ్యానము చేయనక్కరలేదు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషము నిలువవలెను. మిషను బంగళా ముందర గంజి పోయుట సులభము. అదియు అవసరమే. అయితే చేతులలో సత్తువ యున్నవానికి గంజి కంటె కూలి ఎక్కువ గౌరవమిచ్చును. భిక్ష తీసికొన్నవాడు తల వంచుకొని ఇంటికి పోవును. కూలి తీసికొన్నవాడు తలయెత్తి తన పిల్లలకు తానే అన్నము పెట్టును. ఆ దినముననే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:14-15లో దేవుడు ఆజ్ఞాపించుట బీదవాని కడుపును, వాని మానమును రెండింటిని ఎరిగియే. ఒంగోలు సంఘపు సేవ ఈ వాక్యమునకు సరిపోయిన సేవ.

4. మూసియుంచిన ద్వారము

అంతటి మేలు చేసిన సంఘములో చేరుదుమని పనివారిలో అనేకులు అడుగుట వింత కాదు. లెక్కలు పెంచుకొనవలెనను ఆశ దొరగారికి ఉండిన యెడల, అంతకంటె మంచి సమయము దొరకదు. అయితే కరువు సహాయము సాగుచున్నంత కాలము బాప్తిస్మము ఇయ్యకూడదని ఆయన నిశ్చయించుకొనెను. ఎందుకు? ఇచ్చిన అన్నమునకు విశ్వాసము బదులు చెల్లింపు కాకూడదు. పొందిన వాడు రేపు తన మనస్సాక్షి యెదుట, నేను ఆకలికి అమ్ముడు పోతినా యని సందేహపడకూడదు. అన్నము తినియు విశ్వసింపని వానికి సిగ్గు కలుగకూడదు.

ఇది సువార్తను దాచుట కాదు. బోధ ఆగలేదు; ప్రార్థన ఆగలేదు; అన్నము కూడ ఆగలేదు. ముడి వేయుట ఒక్కటే ఆగెను.

5. రేవు దగ్గర

1878 మధ్యకు కరువు సహాయపు పని ముగిసెను. ఒంగోలుకు ఉత్తరముగా సుమారు పది మైళ్ల దూరమున, గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి విశ్వాసులు కూడి రావలెనని క్లౌ దొరగారు కబురు పంపగా, విశ్వాసులతో కూడ బాప్తిస్మము కోరిన వేరే జనులు గుంపులు గుంపులుగా వచ్చిరి. ఇక ఇచ్చుటకు ధనము లేదని, తిరిగి వెళ్లుమని ఆయన వారితో చెప్పెను. వారు వెళ్లలేదు. తమకు ధనమక్కరలేదనియు, కాలువలో పని చేసిన చేతుల బొబ్బలే తాము పాటుపడి తినగలవారమని సాక్ష్యమిచ్చుననియు, మరల పంట పోయి చావవలసి వచ్చినను క్రైస్తవులుగానే చత్తుమనియు వారు ఉత్తరమిచ్చిరని దొరగారు తన జీవిత వృత్తాంతములో తెలియజేసిరి.

అప్పుడు ద్వారము తెరువబడెను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారెవరు? ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారికి ఇద్దరు నీళ్లలో నిలిచి, వారు అలసినప్పుడు వేరే ఇద్దరు దిగి, ఉదయము నుండి సాయంకాలము వరకు, మధ్యాహ్నము కొంత విశ్రాంతితో, ఆ పని ముగించిరి. 2,222 మంది పొందిన ఆ దినమున క్లౌ దొరగారు స్వహస్తముతో ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కాలువ మీద వారితో ఎండలో నిలిచినవారే రేవులోను వారితో నిలిచిరి.

ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. వీరి మార్పులో కరువునకు ఏ పాలును లేదని మేము వాదింపము. ఆకలి మనిషి హృదయమును దున్నును. ఎన్నడును తమ్మును తాకనివారి లోకములో, తమ ప్రక్కన కూర్చుండి తమ పేరు పెట్టి పిలిచినవారిని వారు చూచిరి. ఆ చూపు విశ్వాసమునకు దారియైనచో అందులో సిగ్గుపడవలసిన దేమి? మన పితరులను కూటి క్రైస్తవులని ఎవరైన ఎగతాళి చేసినప్పుడు మనము కోపపడనక్కరలేదు. అన్నము ముగిసిన తరువాత వచ్చినవారు మా వారు అని చెప్పుదుము. అది చాలును.

6. వాక్యపు వెలుగులో

ఇప్పుడు యోహాను సువార్త ఆరవ అధ్యాయము తెరువుడు. మన ప్రభువు ఆకలిగొన్న అయిదువేలమందికి రొట్టెలు పంచిపెట్టెను. పంచక ముందు, నన్ను నమ్ముదురా యని ఎవరిని అడుగలేదు. తిన్న తరువాత పేర్లు వ్రాయించుకొనలేదు. జనులు ఆయనను బలవంతముగా రాజును చేయ జూచినప్పుడు, కొండకు ఒంటరిగా వెళ్లిపోయెను. మరునాడు వెదకి వచ్చినవారితో, మీరు రొట్టెలు తిని తృప్తి పొందినందున నన్ను వెదకుచున్నారని ముఖము మీదనే చెప్పెను (26వ వచనము). ఆయన రొట్టెను బిగబట్టలేదు. రొట్టెతో శిష్యులను కొనను లేదు.

మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో శోధకుడు మొదట పట్టుకొన్నది కూడ రొట్టెనే. తన ఆకలికి ఆ రీతిగా రాళ్లను రొట్టెలుగా చేయనొల్లని ప్రభువు, ఇతరుల ఆకలికి అయిదు రొట్టెలను విరిచెను. ఈ రెండు సంగతులను కలిపి చదివినప్పుడు సంఘసేవ యొక్క మార్గము కనబడును. ఒక ప్రక్క యాకోబు నిలిచి, వస్త్రము లేనివానితో వెచ్చగా నుండుమని చెప్పి పంపివేయు విశ్వాసము చచ్చినదని గద్దించుచున్నాడు. ఆత్మల రక్షణయే మన పని, అన్నముతో మనకేమి అనువారికి అది ఉత్తరము. మరియొక ప్రక్క ప్రభువు నిలిచి, రొట్టె కొరకే వెంబడించువారిని లెక్కలో చేర్చుకొని సంతోషింపక వారిని హెచ్చరించుచున్నాడు. బియ్యపు మూటలను చూపి సంఖ్యను పెంచుకొనువారికి అది ఉత్తరము.

7. మన సంఘమునకు

పితరుల కథ చెప్పి ఊరకుండుట పాఠము కాదు. మా తప్పిదము ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తుపాను తరువాత మన మందిరపు ఆవరణములో బియ్యము పంచుచుంటిమి. ప్రక్క పేట నుండి ఒక ముసలి అవ్వ వచ్చి మూట తీసికొనెను. మాలో ఒకరు ప్రేమతోనే, "అవ్వా, వచ్చే ఆదివారం గుడికి వస్తావు గదా?" అని అడిగిరి. ఆమె మూటను మెల్లగా క్రింద పెట్టి, "అయ్యా, బియ్యానికి రమ్మన్నారా, గుడికి రమ్మన్నారా? ఏదో ఒకటి చెప్పండి" అనెను. మా నోట మాట రాలేదు. ఆమె వట్టి చేతులతో వెళ్లిపోయెను. సాయంకాలము మన పెద్దలలో ఒకరు ఆ మూటను తన భుజము మీద మోసికొని పోయి, ఆమె గుమ్మములో దించి, క్షమాపణ చెప్పుకొని వచ్చిరి. ఆమె నేటివరకు మన మందిరమునకు రాలేదు. రావలెననియే మా ప్రార్థన. అయితే ఆ రాత్రి ఆమె పొయ్యి మీద అన్నము ఉడికెను; అది ప్రభువు లెక్కలో వ్రాయబడి యుండునని నమ్ముచున్నాము (మత్తయి 25:35).

కాబట్టి ఈ క్రింది సంగతులను సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

మొదటిది: స్త్రీల సమాజమువారు ఇంటింట కూర్చు పిడికెడు బియ్యపు కానుక మన సంఘపు పాత ఆస్తి. వంట చేయునప్పుడు తీసి వేరుగా ఉంచు ఆ పిడికెడు, పొయ్యి వెలుగని యింటి కొరకు. దానిని ఆ పనికే ఉంచుదము. తీసికొనువారిని వారి మతమేదని, కులమేదని అడుగవద్దు. మూటతో వారిని నిలువబెట్టి ఫొటో తీయవద్దు.

రెండవది: పని కావలసినవారికి పని చూపుదము. ఒంగోలు పడమటి ప్రాంతములలో నేటికిని వాన తప్పిన యేట మన జనులు పనుల కొరకు దూర దేశములకు తరలిపోవుచున్నారు. దరఖాస్తు వ్రాసి యిచ్చు చదువుకొన్న యౌవనస్థుడొకడు, ఆఫీసుకు తోడు వచ్చు పెద్దయొకడు, ఒక్కొక్కప్పుడు పది మూటల బియ్యమునకు సమానము. మన మందిరము ఊడ్చు సహోదరికి మనమిచ్చు జీతము న్యాయమైనదా యని కూడ ఈ సందర్భములోనే విచారించుకొందము. బయటివారికి ధర్మము, లోపలివారికి అన్యాయము తగదు.

మూడవది: బాప్తిస్మము కోరువారిని తొందరపెట్టవద్దు; ఆలస్యమైనదని భయపడవద్దు. పదునైదు నెలలు ఆగినందున ఒంగోలు సంఘము ఎవరిని పోగొట్టుకొనలేదు. ఆగినందువలననే వచ్చినవారి మాటకు విలువ కలిగెను. నేర్పి, అడిగి, వారికి వారే నిశ్చయించుకొనునట్లు సమయమిత్తము.

నాల్గవది: పై కులములవారి స్నేహమును పోగొట్టుకొని పేదలకు తలుపు తెరిచిన సంఘము మనది. అటువంటి సంఘములో సంబంధములు కలుపుకొనునప్పుడును, కమిటీకి పెద్దలను ఎన్నుకొనునప్పుడును కులము పేరు గుసగుసగా వినబడుచున్నది. ఇది 1 కొరింథీ 1:26-29 వచనములను మన చేతులతో మనమే కొట్టివేయుట కాదా?

ఒంగోలులో జ్యూయెట్ స్మారక బాప్తిస్టు మందిరము నిలిచియున్నది. నెల్లూరు, ఒంగోలు, హనుమకొండలలో మిషను ఆసుపత్రులు ఎందరికో ప్రాణము పోసినవి. రామపట్నములోని వేదాంత పాఠశాల తరతరముల బోధకులను తీర్చినది. ఇవన్నియు మనకు స్వాస్థ్యము. గోడలు పాతబడును, మరల సున్నము వేయుదుము. అయితే బదులు కోరక ఇచ్చు చేయి పాతబడిన యెడల దానికి సున్నము వేయలేము. దానిని ప్రతి తరమును మరల నేర్చుకొనవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోహాను 6:15లో ప్రభువు ఎందుకు ఒంటరిగా వెళ్లిపోయెను? మన సంఘపు సేవలో అట్లు వెళ్లిపోవలసిన సమయములు ఏవి?
2. గంజికిని కూలికిని భేదమేమి? మన పేటలో కూలి దొరకునట్లు సహాయము కావలసినవారు ఎవరు?
3. మొదటి విశ్వాసులు మూడు నియమముల కొరకు నష్టపడిరి. నేడు మన విశ్వాసము మనకు ఏమి ఖర్చు తెచ్చుచున్నది?
4. మనము చేసిన మేలునకు బదులు ఆశించిన సందర్భము ఒకటి జ్ఞాపకము చేసికొని, దానిని ప్రభువు యెదుట ఒప్పుకొందము.

ప్రార్థన

అయిదువేలమందికి పంచి, ఎవరిని లెక్క అడుగని ప్రభువా, మా పితరులను కాలువ గట్టు మీద కనిపెట్టితివి, నది ఒడ్డున నీ వారినిగా చేర్చుకొంటివి. మా చేతులను తెరువుము. ఇచ్చునప్పుడు మా నోటికి కావలియుంచుము. ఆకలిగొన్నవాడు మా యొద్దకు వచ్చినప్పుడు సిగ్గుపడక తిరిగి వెళ్లునట్లును, నిన్ను వెదకువాడు వచ్చినప్పుడు నిన్నే కనుగొనునట్లును మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.